ఇప్పుడే బయల్దేరాడు

గురువారం సాయంత్రమైతే మెర్వ్ నోస్కీ బండి మ్యావిస్ పబ్ పక్కన యూకలిప్టస్ నీడలో ఆగి ఉండేది. వెనక తొట్టిలో ఇనుప గొట్టాలు, కప్పీలు, తాళ్ళు, గ్రీజు డబ్బాలు. తలుపు మీద పసుపు రంగు అక్షరాలతో 'నోస్కీ: గాలిమరలు, బోర్లు' అని రాసి ఉండేది. ఆ అక్షరాలు అతను రాసుకున్నవే. చివరికొచ్చేసరికి చోటు చాలక కాస్త ఇరుక్కున్నాయి. విర్రబీన్‌లో ఆ బండిని గుర్తుపట్టని మనిషి లేడు. బండి ఎక్కడుంటే మెర్వ్ అక్కడున్నట్టే లెక్క.

ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే మెర్వ్ కొన్ని నెలలు తన గుట్టు దాచుకున్నాడు. చివరికి ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

మెర్వ్ పని గాలిమరలు బాగుచెయ్యడం. ఊరికి ఉత్తరాన ఎర్ర కొండల దాకా పరుచుకున్న గొర్రెల పొలాల్లో, గాలికి తిరుగుతూ పాతాళం నుంచి నీళ్ళు తోడే మరలు వందలున్నాయి. మర ఆగితే తొట్టి ఎండుతుంది, తొట్టి ఎండితే గొర్రెలు చస్తాయి. అందుకని పొలం ఆసామి కబురంపగానే మెర్వ్ బయల్దేరేవాడు. ఎముకలు కొరికే చలిలోనూ, ఇనుము ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కే ఎండలోనూ ఒక్కడే నిచ్చెన ఎక్కి, పైన కూర్చుని గేర్ల పెట్టె విప్పి, నూనె మార్చి, రెక్కల బోల్టులు బిగించేవాడు. రోజంతా పలకరించే నాథుడుండడు. గాలి, ఈగలు, కిందెక్కడో గొర్రెల అరుపులు.

బోరు లోపలి తోలు వాషర్లు అతను కొనేవాడు కాదు. తోలు కోసి, గిన్నె ఆకారంలో అచ్చువేసి, పశువుల కాలి ఎముకల్లోంచి తీసే నూనెలో నానబెట్టి తనే చేసుకునేవాడు. ఎండు వాషరు గొట్టంలోకి దించితే నాలుగు వారాల్లో చీలిపోతుంది, నానిన వాషరు ఏళ్ళ తరబడి నీళ్ళు పైకి లాగుతుంది అనేవాడు. ఆ విషయం తప్ప అతను అంత పొడుగ్గా మాట్లాడేది ఇంకొకటి లేదు.

మాటలన్నీ పబ్‌లో వినేవాడు. పొలం నుంచి రాగానే దుమ్ము మొహంతోనే లోపలికి అడుగుపెడితే "వచ్చాడ్రా గాలిరాయుడు!" అని కేక వినిపించేది. అక్కడ ఎవడి గ్లాసు వాడు కొనుక్కోడు. ఒకడు అందరికీ పోయించాలి, తర్వాత ఇంకొకడి వరస. తన వరస రాకముందే జారుకున్నవాణ్ణి ఊళ్ళో పిసినారి కంటే హీనంగా చూస్తారు. అలా అయిదుగురు నిలబడితే అయిదు వరసలు అయ్యేదాకా కాలు కదిలేది కాదు. ఎవడో ఒకడు ఆరో వరస మొదలుపెట్టేవాడు. మెర్వ్‌కి బీరు ముఖ్యమో, ఆ కేకలు ముఖ్యమో తేల్చుకునే అవసరం చాలా కాలం రాలేదు. రెండూ ఒకే చోట దొరికేవి.

ఆ పబ్‌లో బల్ల చివర గోడకి ఒక నల్ల ఫోను ఉంది. సాయంత్రం పూట అది మోగితే మాటలన్నీ ఠక్కున ఆగిపోయేవి. పబ్ యజమానురాలు మ్యావిస్ ఫోనెత్తి, అరచెయ్యి అడ్డం పెట్టి, పేరు పైకి పలక్కుండా పెదాలు కదిపేది. ఆ పేరుగలవాడు తల అడ్డంగా ఊపేవాడు.

"ఇప్పుడే బయల్దేరాడమ్మా. దార్లో ఉంటాడు," అనేది మ్యావిస్, చక్కెరలో ముంచినట్టు.

ఫోను పెట్టేశాక అందరూ గొల్లున నవ్వేవాళ్ళు. అక్కడ అది అబద్ధం కిందికి రాదు. మనవాడికి చేసే మర్యాద. మ్యావిస్ తండ్రి పబ్ నడిపే రోజుల నుంచీ ఉన్న మర్యాద.

మెర్వ్ ఇంటి నుంచి ఫోను చేసేది ఎక్కువగా అతని కూతురు రోస్లిన్. తల్లి చెయ్యమంటే కుర్చీ ఎక్కి ఆ పిల్లే అంకెలు తిప్పేది. "ఇప్పుడే బయల్దేరాడు తల్లీ" అని వినగానే వాకిట్లోకి పరిగెత్తి, మెట్టు మీద కూర్చుని, రోడ్డు మలుపు కేసి చూసేది. కొన్నాళ్ళకి పరిగెత్తడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి కుర్చీ ఎక్కే అవసరం తీరింది, ఫోను చెయ్యడమూ మానేసింది.

భార్య పోయాక మెర్వ్ ఊరి చివర రేకుల ఇంట్లో ఒంటరిగా మిగిలాడు. రోస్లిన్ ఆస్పత్రి వంటింట్లో పని చేస్తూ, భర్త కాలిన్‌తో ఊరికి కాస్త దూరంగా ఒక చిన్న పొలం తీసుకుంది. కాలిన్‌ది గనుల్లో పని. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. వాళ్ళకో కూతురు, బ్రీ. ఆదివారం మధ్యాహ్నం మెర్వ్ వాళ్ళింటికి వెళ్ళేవాడు. పొయ్యిలో కాలిన గొర్రె తొడ, బంగాళాదుంపలు, పుదీనా పచ్చడి. వారంలో అతను బల్ల ముందు కూర్చుని తినే తిండి అదొక్కటే. మిగతా రోజులు డబ్బాలోది డబ్బాలోంచే తినేవాడు.

పోయిన చలికాలం ఒక ఆదివారం, భోజనానికి ముందు "మర ఎక్కడాగిందో చూపిస్తా రా" అని బ్రీని బండెక్కించుకుని పోయాడు. వెళ్ళేముందు ఎన్ని సీసాలు ఖాళీ చేశాడో ఎవరూ చూడలేదు. మలుపు దగ్గర బండి తిన్నగా పోయి గోతిలో పడింది. పిల్లకి గీత కూడా పడలేదు. సీటు కింద దూరి, తాత కోటు పట్టుకుని కూర్చుంది. రోస్లిన్ పరిగెత్తుకుంటూ వచ్చి పిల్లని ఎత్తుకుంది. అరవలేదు. అరిచి ఉంటే మెర్వ్‌కి తేలిగ్గా ఉండేది.

"తాగినన్నాళ్ళు నా గేటు దాటకు నాన్నా," అంది. "మానేస్తానని మాత్రం చెప్పకు. ఆ మాట అమ్మ అంత్యక్రియలప్పుడు విన్నాను, నా పెళ్ళిలో విన్నాను. చాలు."

గేటుకి తాళం వేసింది. మెర్వ్‌కి ఆ గేటు తెలుసు. దాని కీలు బిగించింది తనే.

ఆ వారమే పోస్టాఫీసు కిటికీలో ఒక చిన్న కార్డు చూశాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఫలానా నంబరుకి ఫోను చెయ్యమని. ఎన్నాళ్ళుగా ఉందో, ఎండకి అక్షరాలు వెలిసిపోయాయి. బయట ఫోను డబ్బాలోకి వెళ్ళి తలుపు దగ్గరికి లాక్కుని, నంబరు తిప్పాడు. అవతల అడిలైడ్ నుంచి ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"పేరు చెప్పక్కర్లేదండీ. ఏ ఊరు?"

"విర్రబీన్. ఎంత దూరమైనా ఫరవాలేదు, నాకు బండుంది." నిజానికి ఎంత దూరమైతే అంత మంచిదనుకున్నాడు.

కాగితాలు తిప్పిన చప్పుడు. "మీ ఊళ్ళోనే ఉందండీ. గురువారం అయిదున్నరకి, చర్చి వెనక హాల్లో."

"మా ఊళ్ళోనా? ఆ హాలుకి వాన నీళ్ళ ట్యాంకు బిగించింది నేనే!"

"అయితే దారి చెప్పక్కర్లేదు," అందామె.

గురువారం హాలు తలుపు తోసేసరికి లోపల ఇద్దరున్నారు. ఒకామె ఐరిస్, ఎండకి మాడిన మొహం, ఎక్కడో కొండల కింద పొలం నుంచి వస్తుంది. రెండో మనిషి లెస్. ఊరి కసాయి. మెర్వ్ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాంసం కొంటున్నది ఆ కొట్లోనే.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"కొట్టు మూశానని ఇక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చావేంట్రా?" అన్నాడు లెస్.

"ట్యాంకు చూద్దామని వచ్చా."

"ట్యాంకు బయటుంది."

"తెలుసు."

మెర్వ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఐరిస్ టీ నీళ్ళు పోస్తూ తల తిప్పకుండానే అంది: "చలిగాలి లోపలికొస్తోందయ్యా. ట్యాంకు చూస్తే చూడు, లేకపోతే తలుపేసి వచ్చి కూర్చో."

తలుపేసి వచ్చి కూర్చున్నాడు.

అక్కడి పద్ధతి ప్రకారం ముందు పేరు చెప్పాలి. లెస్ గొంతు సవరించుకుని "నా పేరు లెస్, నేను తాగుబోతుని" అన్నాడు. మెర్వ్ అప్రయత్నంగా "నీ పేరు నాకు తెలీదేంట్రా" అన్నాడు. ఐరిస్ టీ పొలమారేలా నవ్వింది. తర్వాత లెస్ తన సంగతి చెప్పాడు. అతను పబ్‌కి రావడం మానేసింది కడుపులో పుండు వల్లనని ఊరంతా అనుకుంటుంది. పుండూ లేదు, ఏమీ లేదు.

"జబ్బంటే జనం జాలిపడతారు. మానేశానంటే అనుమానంగా చూస్తారు," అన్నాడు. "అందుకే పుండు పెట్టుకున్నా."

మెర్వ్ వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం చెప్పాడు. రెండో మాట నాలిక దాటలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

బండి పబ్ దగ్గర పెట్టి హాలుకి నడవడం ఆ రోజే మొదలైంది. విర్రబీన్‌లో పబ్ ముందు బండి ఉంటే ఎవరూ తలెత్తి చూడరు. చర్చి హాలు ముందు ఉంటే తెల్లారేసరికి ప్రతి వంటింట్లోనూ మాట్లాడుకుంటారు. అందుకని బండి ఎప్పటిచోట వదిలి, పబ్ దొడ్డిదారిన సీసాల గుట్ట పక్కనుంచి సందులోకి దిగి, అక్కణ్ణించి హాలుకి నడిచేవాడు. మళ్ళీ అదే దారిన వచ్చి బండెక్కేవాడు.

పబ్‌లో వాళ్ళు గుడ్డివాళ్ళేం కాదు. బండి ఉంటోంది, మనిషి ఉండటం లేదు. సందు చివర గ్వెన్ అనే విధవరాలి ఇల్లుంది. ఇంకేముంది, రెండు వారాల్లో లెక్క తేలిపోయింది.

"బండి మేం చూస్తుంటాంలేరా, నువ్వు పోయిరా!" అని కిటికీలోంచి అరిచేవాడు స్నో. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, జుట్టు చిన్నప్పుడే తెల్లబడిందని ఆ పేరు. "మోకాళ్ళు జాగ్రత్త! వయసు చూసుకో!"

మెర్వ్ టోపీ కిందికి లాక్కునేవాడు. కాదనలేదు. గ్వెన్ పేరు పాడవుతుందేమో అని మాత్రం అనిపించింది. లెస్‌తో అంటే "గ్వెన్‌కి తెలుసు. ఈ మధ్య కొత్త గౌను కూడా కుట్టించుకుంది, ఎందుకైనా మంచిదని" అన్నాడు.

నవ్వు ఆ ఒక్క గంటే. మిగతా వారమంతా నోరు విప్పే పని లేదు. తాగుడు మానడమంటే గ్లాసు పక్కన పెట్టడం అనుకున్నాడు కానీ, దాంతోపాటు ఆ కేకలూ పోతాయని అతనికి తట్టలేదు. తన వరస పోయించనివాడు ఆ బల్ల దగ్గర నిలబడలేడు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ బూట్లు తొడుక్కునేవాడు. రేడియో పెడితే ఉన్ని ధరలు చెప్పేవాళ్ళు. తోలు ముందేసుకుని వాషర్లు కోసేవాడు. ఎవరికీ అక్కర్లేనన్ని వాషర్లు పోగయ్యాయి. పైకప్పు రేకులు వేడి దిగి టపటపమంటుంటే ఎవరో తలుపు తట్టారనుకుని ఒకటి రెండుసార్లు లేచి వెళ్ళాడు.

ఆదివారాలు మరీ కష్టం. మధ్యాహ్నమయ్యేసరికి ఊరంతా మాంసం కాలుతున్న వాసన. ఆ పూట పని లేకపోయినా ఏదో ఒక పొలానికి పోయి మర ఎక్కేవాడు. పైనుంచి చూస్తే దూరంగా, చెట్ల వరస అవతల, రోస్లిన్ వాళ్ళ మర రెక్కలు ఎండకి తళుక్కుమనేవి. అది తిరుగుతూ ఉంటే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకునేవాడు.

"కూతురికి చెప్పవయ్యా," అంది ఐరిస్ ఒకసారి.

"చెప్పొద్దంది. చెప్పింది చాలంది. పని పూర్తయ్యాక చూపిస్తా."

"ఇది పూర్తయ్యే పనా? మరకి ఒకసారి నూనె పోస్తే జన్మంతా తిరుగుతుందా?"

మెర్వ్ కప్పు కడగడానికి లేచాడు. కూతురికి మాత్రం చెప్పలేదు. చేతల మనిషికి మాట మీద గురి తక్కువ. అందులోనూ 'మానేస్తా' అన్న మాట అతని నోట్లో నానినంతగా ఏ వాషరూ నూనెలో నానలేదు.

జనవరి వచ్చింది, అక్కడ నడి ఎండాకాలం. నేల పగిలింది. ఒక గురువారం రోస్లిన్ తొట్టి దగ్గరికెళ్ళి చూస్తే అడుగున బురద ఉంది. మర తిరుగుతూనే ఉంది, నీళ్ళే రావడం లేదు. కాలిన్ గనిలో ఉన్నాడు. గొర్రెలు ఎండు తొట్టి చుట్టూ మూగి మూతులు రుద్దుతున్నాయి. ఈ పని ఎవరు చెయ్యగలరో ఆమెకి తెలుసు. ఆస్పత్రిలో ఎవరో "మీ నాన్న ఈ మధ్య బాగున్నాడే, మొహంలో ఎరుపు తగ్గింది" అనడం కూడా గుర్తొచ్చి ఉంటుంది. తండ్రి ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. చాలాసేపు ఫోను పట్టుకుని నిలబడి, ఎన్నో ఏళ్ళుగా తిప్పని నంబరు తిప్పింది.

పబ్‌లో మాటలు ఠక్కున ఆగిపోయాయి.

మ్యావిస్ రోస్లిన్ గొంతు గుర్తుపట్టింది. కిటికీలోంచి బండి కనిపిస్తోంది. మనిషి గ్వెన్ ఇంట్లో. పాపం, తండ్రి ముసలితనంలో ఏదో సుఖపడుతుంటే కూతురికి తెలియడం దేనికి? చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే, చక్కెరలో ముంచి, తన తండ్రి నేర్పిన మర్యాద అప్పజెప్పింది.

"ఇప్పుడే బయల్దేరాడు తల్లీ. దార్లో ఉంటాడు."

రోస్లిన్ ఫోను పెట్టేసింది. బ్రీని కార్లో కూర్చోబెట్టుకుని ఊళ్ళోకి వచ్చింది. పబ్ పక్కన చెట్టు నీడలో పసుపు అక్షరాల బండి కదలకుండా ఉంది. కారు ఆపలేదు. తిప్పుకుని వెళ్ళిపోయింది.

మెర్వ్ సందులోంచి వచ్చేసరికి మ్యావిస్ దొడ్డి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నవ్వుతోంది. "మీ అమ్మాయి ఫోను చేసిందయ్యా. కంగారుపడకు, మామూలుగానే చెప్పాన్లే."

ఆమె సాయం చేశాననుకుంది. ఎదురుగా ఉన్న మనిషి మొహంలో రక్తం దిగిపోవడం చూసి నవ్వు ఆపింది.

ఎండ ఇంకా ఉంది. రోస్లిన్ గేటు దగ్గర బండి ఆపి, దిగి, తాళం ఇవతలే నిలబడ్డాడు మెర్వ్. ఆమె నడుచుకుంటూ వచ్చి అవతల నిలబడింది.

"ఫోను చేశావట."

"చేశాను. పొరపాటైంది."

"నేను పబ్‌లో లేనమ్మా."

"తెలుసు. ఇప్పుడే బయల్దేరావు." అచ్చం మ్యావిస్ గొంతుతో అంది.

"తాగలేదు. ఊదమంటే ఊదుతాను."

"అమ్మ దగ్గర కూడా ఊదేవాడివి. ముందు పిప్పరమెంట్లు నమిలి."

మెర్వ్ గేటు ఊచ పట్టుకున్నాడు. "చర్చి వెనక హాలుకి వెళ్తున్నా రోస్లిన్. తాగుడు మానినవాళ్ళు కూర్చునే చోటు. చలికాలం నుంచీ వెళ్తున్నా."

ఆమె అతని వెనక ఉన్న బండి వైపు చూసింది. "పబ్ ముందు బండి పెట్టి?"

ఆ మాట ఆమె నోట వినేదాకా అది ఎంత వెర్రిపనో అతనికి అర్థం కాలేదు.

"జనం చూస్తారని..."

"తాగేటప్పుడు జనం చూడలేదా నాన్నా? రోడ్డు మీద పడ్డప్పుడు చూడలేదా? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?" గొంతు పెంచలేదు. "ఇంతకుముందు నువ్వు చెప్పినవాటిలో ఇంత అతకని అబద్ధం ఒక్కటీ లేదు."

మెర్వ్ గేటు అవతల ఎండు తొట్టి చుట్టూ మూగిన గొర్రెల్ని చూశాడు. "నీళ్ళు రావట్లేదా? వాషర్లు పోయుంటాయి. బండిలో ఉన్నాయి, గంటలో..."

"ఆ మర ఎక్కి నువ్వు పడితే నేను చూడలేను. పక్క పొలం డారిల్‌కి చెప్పాను, అతనే చూస్తానన్నాడు. వెళ్ళు నాన్నా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నిజం చెప్పడానికి అతని దగ్గరున్నవి అబద్ధం చెప్పడానికి వాడేసిన మాటలే. వేరేవి లేవు.

తిరిగొస్తుంటే బండి దానంతటదే అన్నట్టు పబ్ పక్కన ఆగింది. ఈసారి దొడ్డిదారికి వెళ్ళలేదు, ముందు తలుపు తోశాడు. చల్లదనం, బీరు వాసన, మనుషుల వెచ్చదనం, అన్నీ ఒక్కసారి మొహాన తగిలాయి.

"వచ్చాడ్రా గాలిరాయుడు!" అని స్నో కేక పెట్టాడు. "గ్వెన్ గెంటేసిందా? రా రా, నా వరస నడుస్తోంది. మ్యావిస్, వీడికొకటి!"

నెలల తర్వాత ఎవరో తనని లోపలికి పిలిచారు. నురగ పొంగే గ్లాసు బల్ల మీద జారుతూ వచ్చి అతని ముందాగింది. మెర్వ్ దాన్ని చూశాడు. చుట్టూ మొహాలు చూశాడు. అందరూ తెలిసినవాళ్ళే, అందరూ అతని రాకకి సంతోషిస్తున్నవాళ్ళే. ఆ గ్లాసు ఎత్తితే ఇంక ఏ రాత్రీ రేకుల చప్పుడు వినక్కర్లేదు. ఎత్తినా కూతురు కొత్తగా నమ్మకపోయేదేమీ లేదు. ఎత్తకపోయినా నమ్మదు.

అరచెయ్యి గ్లాసు మీద మూతలా పెట్టాడు.

"మ్యావిస్, ఇకమీద నాకోసం ఫోనొస్తే లేనని చెప్పు."

"అదేగదయ్యా చెప్పింది!"

"కాదు. బయల్దేరానని చెప్పావు. అసలు రాలేదని చెప్పు. చలికాలం నుంచీ రావట్లేదని చెప్పు." గ్లాసుని స్నో వైపు జరిపాడు. "నేను వెళ్ళేది గ్వెన్ దగ్గరికి కాదు. చర్చి హాలుకి. నేను తాగుబోతుని. మానుకోవడానికి వెళ్తున్నా."

హాల్లో ఇన్ని నెలలు నాలిక దాటని మాట పబ్ నడిబొడ్డున దాటింది. గోడ ఫోను మోగినప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండేది కాదు.

చివరికి స్నో అడిగాడు, కాస్త దిగులుగా: "నిజంగానే గ్వెన్ కాదా?"

"కాదురా."

"ప్చ్. అదే బాగుండేది."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత అందరూ తమ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆ చూపుతో మెర్వ్‌కి అర్థమైంది, ఇంక ఆ కేక తన కోసం వినిపించదని. మ్యావిస్ గుమ్మం దాకా వచ్చింది.

"నాకు తెలీదయ్యా. ఆ పిల్లకి నేను ఫోను చేసి చెప్తానుండు."

"నువ్వు చెప్తే అసలు నమ్మదు," అన్నాడు మెర్వ్.

తర్వాతి గురువారం బండిని చర్చి హాలు ముందు, నడిరోడ్డు వైపు పసుపు అక్షరాలు కనిపించేలా పెట్టాడు. దిగి తలుపు వేస్తే ఆ చప్పుడు ఊరంతా విన్నట్టనిపించింది. పోస్టాఫీసు మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపి చూశారు. తెల్లారి ఒక ఆసామి "ఏం మెర్వ్, దేవుడు దొరికాడటగా?" అన్నాడు. "దేవుడు కాదు, లెస్ దొరికాడు" అనబోయి నాలిక కరుచుకున్నాడు. లెస్ గుట్టు లెస్‌ది.

ఆ వారం రోస్లిన్ కారు అటుగా వెళ్ళింది. ఆగలేదు. పై వారమూ వెళ్ళింది. మలుపు దగ్గర, అడ్డం ఏ బండీ లేకపోయినా, కాసేపు ఆగి తిరిగింది. మెర్వ్ హాలు కిటికీలోంచి చూశాడు.

ఆ పై గురువారం అతను వచ్చేసరికి హాలు ముందు లెస్ మాంసం వ్యాను ఉంది, పక్క రేకు మీది పంది బొమ్మతో సహా.

"ఈ కాస్త దూరానికి వ్యానెందుకురా?"

"నీ బండి ఒక్కటే నిలబడితే ఏడుపుగొట్టుగా ఉంది," అన్నాడు లెస్. "పుండు తగ్గిపోయిందని చెప్తాలే."

ఎండాకాలం వెనకపట్టు పట్టింది. పబ్ మునుపటిలాగే నడిచింది, అతను లేకుండా. స్నో రోడ్డు మీద కనిపిస్తే చెయ్యెత్తేవాడు, ఆగేవాడు కాదు. ఆదివారాలు అలాగే ఉన్నాయి, రేకుల చప్పుడూ అలాగే ఉంది. తేడా అల్లా, ఎవరో తలుపు తట్టారని ఇప్పుడు లేచి వెళ్ళడం లేదు.

ఒక గురువారం మీటింగయ్యాక కప్పులు కడిగి బయటికొస్తే, అతని బండి పక్కనే రోస్లిన్ కారు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. ఆమె దిగలేదు. అద్దం దించింది. వెనక సీట్లో బ్రీ నిద్రపోతోంది, నోరు తెరుచుకుని.

"మర మళ్ళీ నీళ్ళు తోడటం మానేసింది," అంది రోస్లిన్, ఎదురుగా రోడ్డు చూస్తూ. "అప్పుడు డారిల్ కొన్న వాషర్లు తెచ్చి వేశాడు."

"నానబెట్టాడా?"

"పొట్లం విప్పి అలాగే దించాడు."

"చీలిపోయుంటాయి."

"అదే అనుకున్నాను. నా చిన్నప్పుడు నువ్వు చెప్పేవాడివి." స్టీరింగు మీద వేళ్ళు కదిలాయి. హాలు తలుపు వైపు ఒకసారి చూసింది, అతని బండి వైపు చూసింది.

"పొద్దున్నే వస్తావా?"

"వస్తాను."

"నేను డ్యూటీలో ఉంటాను. ఇంట్లో ఎవరూ ఉండరు." గేరు వేసింది. "గేటుకి తాళం వెయ్యను."

కారు వెళ్ళిపోయింది. లెస్ గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి, చూడనట్టు చూస్తున్నాడు. మెర్వ్ అతనికి చెయ్యెత్తి బండెక్కాడు.

ఇంటికెళ్ళి దీపం వేసి, గోడకి వేలాడదీసిన వాషర్ల దండలోంచి మంచివి ఏరాడు. అంచులు బొటనవేలితో తడిమి చూసి ఒకటి పక్కన పడేశాడు. మిగిలినవి గిన్నెలో వేసి, మునిగేదాకా నూనె పోసి, మూత పెట్టాడు. పొద్దుటికల్లా నానుతాయి. తర్వాత చేతులు తుడుచుకుని బల్ల ముందు కూర్చున్నాడు. రేకులు టపటపమన్నాయి. గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. రేపు మర నీళ్ళు తోడటానికి మంచి గాలే.